దబ్బనం మొన

ప్రత్యేక తెలంగాణ కోసం సమ్మె మొదలైన దగ్గర్నుంచి దిల్‌సుఖ్‌నగర్ డిపోలో బస్సులు గేటు దాటలేదు. బస్సులు లేకపోతే జనం దిగరు. జనం దిగకపోతే తాళాలు పారేసుకునేవాళ్లూ ఉండరు. అయినా అండాలమ్మ పొద్దున్నే మీర్‌పేట్ నుంచి షేర్ ఆటోలో వచ్చి, సుమిత్రమ్మ బ్యాగుల దుకాణం మెట్ల పక్కన తన బల్ల వేసుకునేది. బల్ల మీద నాలుగైదు ఆకురాళ్లు, చిన్న వైస్, ఇనుప తీగకు గుచ్చిన తాళంచెవుల గుత్తి, ఒక దబ్బనం.

దబ్బనం గోనెసంచులు కుట్టేవాళ్లది. అండాలమ్మ దాంతో తుప్పు పట్టిన తాళం కప్పల్లోంచి మట్టి తీసేది. అది ఆమె భర్త సోమాచారి వాడింది. మొన సూదంత సన్నం, మొదలు చిటికెన వేలిలో సగం లావు. పని లేనప్పుడు దాన్ని చీర కొంగుతో తుడుస్తూ కూర్చోవడం ఆమెకు అలవాటు.

"ఏమండీ అండాలమ్మగారూ, ఇవాళైనా బోణీ అయ్యిందా?" సగం దించిన షట్టరు కింద నుంచి వంగి బయటికొస్తూ సుమిత్రమ్మ అడిగింది. ఆమెది గుంటూరు వైపు. దుకాణం పెట్టి చాలా ఏళ్లయింది.

"యాడ బోణీ? నీ దుకాణం బంజేస్తె నా దుకాణం నడుస్తదా?"

"బంద్ చేయించింది మీవాళ్లే కదమ్మా. నా షట్టరు దింపించారు, నువ్వేమో నా మెట్ల మీదే కూర్చున్నావు."

"రాష్ట్రమొస్తె పంచుకుందం తియ్యి. మెట్లు మాయి, దుకాణం నీది."

"మెట్లు మీవైతే నేను లోపలికెట్టా వెళ్లేది?"

"గప్పుడు నన్నడిగి పో."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు ఇంకా ముఖాన ఉండగానే ఎదురుగా తెల్ల కారు ఆగడం అండాలమ్మ చూసింది. అందులోంచి దిగుతున్న మనిషిని అతని కాలు నేలకానకముందే గుర్తు పట్టింది. జుట్టుకు రంగు వేశాడు. పొట్ట ముందుకొచ్చింది. ఖద్దరు చొక్కా మీద జై తెలంగాణ కండువా. అయినా మెడ కొంచెం పక్కకు వంచి ఎదుటివాళ్లను చూసే పద్ధతి మారలేదు.

జనార్ధన్ పటేల్.

కర్మన్‌ఘాట్‌కు అవతల ఒకప్పుడు వాళ్ల ఊరుండేది, పటేల్‌దీ సోమాచారిదీ ఒకటే ఊరు. ఇప్పుడు అక్కడ కాలనీల పేర్లే ఉన్నాయి. పటేల్ పొలాలు ప్లాట్లయ్యాయి, ఒక ప్లాటులో అతని ఫంక్షన్ హాలు లేచింది. సమ్మె రోజుల్లో హాలు ముందు రోడ్డు మీద టెంటు వేయించి ఉద్యమ శిబిరం కూడా అతనే నడిపిస్తున్నాడని ఆమె విన్నది.

"సోమాచారి ఇంటామె నువ్వేనా? ఎంత మారినవ్!" అన్నాడు. "సోమాచారి ఏడి?"

"పోయిండు."

"అరె. పాపం. నాకెవలు చెప్పలే."

అండాలమ్మ దబ్బనాన్ని బల్ల మీద పెట్టింది. చేతిలో ఉంచుకోవడం మంచిది కాదనిపించింది.

పటేల్ కారు వెనక తలుపు తీసి, పాత దుప్పట్లో చుట్టిన పొడవాటి వస్తువు తెచ్చి బల్లకు ఆనించాడు. దుప్పటి విప్పక ముందే అదేమిటో ఆమెకు తెలుసు. వాళ్లింటి తుపాకి. మూతిలోంచి మందు పోసి, గజం అనే ఇనుప కడ్డీతో దట్టించి, చెకుముకి రాయితో పేల్చే పాతకాలపుది. ఏటా దసరా నాడు జమ్మికి పోయేముందు గుండు లేకుండా ఉత్త మందుతో దాన్ని ఒకసారి పేల్చడం ఆ ఇంటి ఆనవాయితీ.

"ఇగ సూడు," అన్నాడు పటేల్. "ఈసారి దసరాకు శిబిరపోళ్లందర్ని పిలిచిన. టీవీ వోళ్లు గూడ వస్తున్రు. మా తాతల తుపాకి మోగాలె. కని ఏమైతుందంటే, గిన్నెల మందు భగ్గుమంటది గని గొట్టంల అంటుకుంటలేదు. చెవి మూసుకుపోయింది. గిప్పుడు గీ పని తెలిసినోడు యాడున్నడు చెప్పు? మీ ఇంట్లనే ఉండాలె."

గొట్టం అడుగున కుడిపక్క ఉండే సన్నని రంధ్రాన్ని చెవి అంటారు. దాని పక్కనే చిన్న గిన్నె. గిన్నెలో పోసే మెత్తటి మందు రంజకం. చెకుముకి రాయి గిన్నె మీది ఉక్కు మూతకు తగిలి, దాన్ని తెరుస్తూ నిప్పు రాలిస్తే రంజకం అంటుకోవాలి, ఆ మంట చెవిలోంచి లోపలికి పోవాలి. చెవి మరీ సన్నమైతే మంట బయటే ఆగుతుంది. మరీ పెద్దదైతే లోపలి మంట అదే దారిన వెనక్కి తన్ని, కుడిపక్కనున్న మనిషి ముఖం మీదికి వస్తుంది.

ఇదంతా అండాలమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఎవలు మూసిన్రు?" అని మాత్రం అడిగింది.

"గప్పుడే. గా లొల్లి అయినంక. ఓ వెల్డింగు షాపోనితోటి సీసం పోపిచ్చి, సన్నగ పొడిపిచ్చిన. ఇగ అప్పటిసంది అది మోగిందే లేదు."

గా లొల్లి. అతను దానికి పెట్టుకున్న పేరు అది.

"చేస్త," అంది అండాలమ్మ.

"ఇంకోటి. దసరా నాడు నువ్వు గూడ రావాలె. కమ్మరోళ్లు పక్కన నిలబడి రంజకం పోస్తెనే గద ఆనవాయితి. నీ ముఖం గూడ టీవీల వస్తది."

"వస్త పటేలా. తప్పకుంట వస్త."

కారు వెళ్లాక సుమిత్రమ్మ మెట్టు దిగి వచ్చింది. "ఎవరమ్మా ఆ పెద్దమనిషి? నీ మొహం అట్లా అయిపోయిందేంటి?"

"మా ఆయన కన్ను తీసినోడు," అంది అండాలమ్మ, దుప్పటి అంచు తుపాకి మీదికి సర్దుతూ.

*

అండాలమ్మ నల్లగొండ దిక్కున ఒక కమ్మరింట్లో పుట్టింది. నడక వచ్చిన కొన్నేళ్లకే కొలిమి తిత్తి గుంజడం వచ్చింది. పెళ్లయి పటేల్ ఊరికి వచ్చాక సోమాచారి పక్కన సమ్మెట కొట్టింది. ఆయన పట్టకారుతో ఇనుమును తిప్పుతుంటే ఎక్కడ దెబ్బ పడాలో నోటితో చెప్పేవాడు కాదు, చిన్న సుత్తెతో దాగలి మీద తట్టేవాడు. ఆ తట్టు విని ఆమె కొట్టేది. ఊరి నాగళ్ల కర్రులు, గొడ్డళ్లు, కొడవళ్లు అన్నీ ఆ కొలిమిలోనే పదును తేలేవి.

తుపాకి చెవి ఏటేటా మంటకు తిని పెద్దదవుతుంది. ఒక ఏడు సోమాచారి దానికి రాగి పొదిగాడు. పాత రంధ్రంలో రాగి కడ్డీ దిగ్గొట్టి, దాని మధ్య బర్మాతో కొత్త చెవి తొలిచాడు. తొలిచేటప్పుడు మాటిమాటికీ దబ్బనం పెట్టి చూశాడు. మొన పోవాలి, మొదలు ఆగాలి, అదే ఆయన కొలత. వేరే కొలత ఆయనకు లేదు.

ఆ దసరాకే అది జరిగింది. ఆనవాయితీ ప్రకారం పటేల్ తుపాకి పట్టుకుంటాడు. కమ్మరి కుడిపక్కన నిలబడి గిన్నెలో రంజకం పోస్తాడు, గిన్నె మీది ఉక్కు మూత వేస్తాడు, వెనక్కి జరిగి "కొట్టు పటేలా" అంటాడు. ఆ మాట వినిపించేదాకా రాయి పట్టిన కొక్కెం సగంలోనే ఉండాలి. ఆ మాట తర్వాతే దాన్ని పూర్తిగా గుంజి, మీట నొక్కాలి.

ఆ రోజు పటేల్ ఇంటికి పట్నం నుంచి చుట్టాలు వచ్చారు. పొద్దున్నుంచి తాగుతున్నారు. సోమాచారి మూత సరిగ్గా కూర్చుందో లేదో అని వంగి చూస్తున్నాడు. టక్కుమని కొక్కెం పూర్తిగా లేచిన చప్పుడు వినిపించింది. "ఆగు పటేలా, చెయ్యి తియ్యలే" అని ఆయన అరిచాడు. ఆ అరుపు అండాలమ్మ విన్నది. డప్పుల చప్పుడులో ఇంకెవరు విన్నారో, విని ఊరుకున్నారో తెలియదు.

పటేల్ మీట నొక్కేశాడు. సోమాచారి కుడి కన్ను పోయింది. చెంప మీద మందు మచ్చలు చచ్చేదాకా మిగిలాయి.

దవాఖాన నుంచి ఇంకా ఇంటికి రాకముందే ఊర్లో మాట స్థిరపడిపోయింది. "చెవి పెద్దగ తొలిచిండు. వాని పని వానికే తగిలింది." పటేల్ ఆ మాట చావడిలో చెప్పాడు, హోటల్లో చెప్పాడు, పరామర్శకు వచ్చి సోమాచారి మంచం పక్కన నిలబడి కూడా చెప్పాడు. "పనిల జర చూసుకోవాలె సోమన్నా" అన్నాడు. వెళ్లేటప్పుడు కొలిమి వైపు ఒకసారి చూసి వెళ్లాడు.

ఆ తర్వాత కొలిమికి కర్రులు రావడం తగ్గింది. చిన్న రంధ్రమే సరిగా తొలవలేనివాడు కర్రు ఏం సాగదీస్తాడని జనం అనుకున్నారు. మొదట మానింది కిష్టమ్మ. వాకిలికి వాకిలి ఎదురుగా ఉండే మనిషి, అండాలమ్మను వదినా అని పిలిచే మనిషి. కొలిమి ముందు నుంచే కర్రు భుజాన వేసుకొని పక్క ఊరి కమ్మరి దగ్గరికి పోయింది. ఒంటి కన్నుతో దూరం అందక సోమాచారి రెండుసార్లు తన వేళ్ల మీదే కొట్టుకున్నాడు. మూడోసారి సుత్తె పట్టుకోలేదు.

ఊరు విడిచి మీర్‌పేట్‌లో ఒక గది కిరాయికి తీసుకున్నారు. చంపాపేట్‌లో తాళాలు చేసే ఒక ముసలి సాయబు దగ్గర అండాలమ్మ పని నేర్చుకుంది. సోమాచారి ఇంట్లో కూర్చొని, చాలా ఏళ్లు బతికి, ఒక ఎండాకాలం పోయాడు. పటేల్‌ను ఎప్పుడూ తిట్టలేదు. ఆ పని భార్యకు వదిలేశాడు.

అయితే అండాలమ్మకు లోపల ఒక ముల్లు ఉండేది. అది ఎవరికీ చెప్పలేదు, ఆయన బతికుండగా అసలే చెప్పలేదు. ఆ చెవి నిజంగానే కొంచెం పెద్దదయిందేమో? ఊరంతా అన్నప్పుడు, ఒక్కసారైనా, తానూ అలా అనుకోలేదా?

*

పటేల్ తుపాకి ఇచ్చి వెళ్లిన మరునాడు ఆమె బల్ల వేయలేదు. మీర్‌పేట్ గది ముందు చిన్న వరండాలో పగటి వెలుతురులో కూర్చుంది. ముందు గజం లోపలికి దించి, గొట్టంలో పాత మందు లేదని చూసుకుంది. తుపాకి కర్ర నుంచి గొట్టం విడదీసింది. కుంపట్లో బొగ్గులు రాజేసి, గొట్టం అడుగు భాగాన్ని సన్న సెగ మీద పట్టింది.

సీసం చెమటలా బుడిపెలు కట్టి, మెల్లగా జారి బొగ్గుల పక్కన పడింది. గొట్టం చల్లారాక గుడ్డతో తుడిచి వెలుతురుకు తిప్పింది.

సీసం కింద రాగి వలయం కనిపించింది. నల్లబడింది కానీ చెదరలేదు. మధ్యలో రంధ్రం.

దబ్బనం తీసి మొన పెట్టింది. దిగింది. నెమ్మదిగా లోపలికి తోసింది. మొదలు దగ్గరికి రాకముందే ఆగిపోయింది. గట్టిగా తోసింది. కదల్లేదు. తీసి, తిప్పి, మళ్లీ పెట్టింది. అక్కడే ఆగింది.

అండాలమ్మ ఆ గొట్టాన్ని ఒళ్లో పెట్టుకొని, నల్లబడ్డ రాగిని కొంగుతో తుడుస్తూ కూర్చుంది. పక్కింటామె నీళ్ల బిందెతో పోతూ "ఏమైందవ్వా?" అని అడిగితే "ఏంలే" అంది.

తర్వాత లేచి, సోమాచారి పాత పెట్టెలోంచి లావుపాటి బర్మా మొన తీసింది. నిన్న పటేల్‌తో "చేస్త" అన్నప్పుడు ఆమె మనసులో ఉన్నది అదే. చెవిని పెద్దది చెయ్యాలి, తాను ఎలాగో తప్పుకొని కుడిపక్కకు అతన్నే తేవాలి, మంట అతని మీదికి తన్నాలి. ఎలా తప్పుకోవాలో రాత్రంతా ఆలోచించింది కూడా.

బర్మా మొనను రాగి మీద ఆనించింది. దాన్ని తిప్పే కమాను చేతిలోకి తీసుకుంది.

ఒక్క చుట్టు తిప్పితే చాలు, రాగి మెత్తనిది. కానీ ఆ ఒక్క చుట్టుతో పటేల్ చెప్పిన మాట నిజమవుతుంది. కన్ను పోయినవాడు దవాఖానలోంచే చెప్తాడు: కమ్మరోళ్ల చెవి పెద్దది, అప్పుడూ గట్లనే, ఇప్పుడూ గట్లనే. ఊరు మళ్లీ నమ్ముతుంది. ఈసారి నమ్మడంలో తప్పు కూడా ఉండదు.

ఆమె బర్మా పక్కన పెట్టింది. కోపం తగ్గి కాదు. అది ఇప్పుడు ఎక్కడికి పోవాలో దానికి తెలిసింది.

చెవిలోని మసిని దబ్బనంతో, పాత చీర పేలికతో శుభ్రం చేసింది. కొత్తగా తొలిచింది ఏమీ లేదు. కొక్కెంలో చెకుముకి రాయి వదులుగా ఉంటే తోలుముక్క చుట్టి బిగించింది. ఉక్కు మూతను సానబట్టింది. మీట ఎంత ఒత్తితే కదులుతుందో వేలితో పదే పదే చూసుకుంది. చెవి సరిగ్గా ఉన్నా గిన్నెలో రంజకమే ఒక పిడికెడు మంట. చెయ్యి తియ్యనివాడి చేతిని, వంగినవాడి కన్నును కాల్చడానికి అది చాలు. సోమాచారిని కాల్చింది అదే. రంధ్రం కాదు, ఆగని వేలు.

దసరా నాడు ఆ వేలు తనదవ్వాలి. గిన్నె దగ్గర వంగేది పటేల్ కావాలి. అతను చెయ్యి తీసేదాకా ఆగాలా వద్దా అన్నది మాత్రం ఆమె నిర్ణయించుకోలేదు. అక్కడికి పోయాక చూసుకోవచ్చు అనుకుంది.

*

దసరా మధ్యాహ్నం ఫంక్షన్ హాలు వెనక ఖాళీ ప్లాటులో జనం నిండారు. మధ్యలో జమ్మి కొమ్మ పాతారు. శిబిరం నుంచి ఆడవాళ్లు జై తెలంగాణ అంటూ, బతుకమ్మ పాట పాడుతూ వచ్చారు. పాత ఊరివాళ్లు ఒక పక్కగా నిలబడ్డారు. వాళ్లలో చాలామంది ఇప్పుడు ఆ ప్లాట్ల మధ్యే కిరాయిలకు ఉంటున్నారు. కిష్టమ్మ కూడా ఉంది. ఇప్పటికీ రెండు బర్రెలు పెట్టుకొని పాలు పోస్తుంది.

పటేల్ మైకులో మాట్లాడాడు. "గిది మా తాతల కాలపు తుపాకి. గిది మోగితె మన ఆత్మగౌరవం మోగినట్టు. ఇయ్యాల పటేల్లు లేరు, కమ్మరోళ్లు లేరు, అందరం తెలంగాణ బిడ్డలం!" చప్పట్లు కొట్టారు. కెమెరావాడు ముందుకొచ్చాడు.

అండాలమ్మ గొట్టంలో మందు పోసి, గజంతో దట్టించింది. తర్వాత తుపాకిని నిలువుగా పట్టుకొని పాత ఊరివాళ్ల వైపు తిరిగింది.

"కిష్టమ్మొదినా, జర గిటు రా."

కిష్టమ్మ అటూ ఇటూ చూసి ముందుకొచ్చింది. "ఏంది వదినా?"

"గీ దబ్బనం వట్టు. గుర్తున్నదా, ఎవలిదో?"

"సోమన్నది గాదు?"

"గీ చెవిల పెట్టు. మెల్లగ. మొన పోతున్నదా?"

"పోతున్నది."

"ఇంక తొయ్యి."

"పోతలే. ఆగింది."

"గట్టిగ తొయ్యి, నువ్వు బర్రెను తోసేదానివి గదా, గీడ సిగ్గువడ్తవేంది."

వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. కిష్టమ్మ బలమంతా పెట్టి తోసింది. "పోతలే వదినా. మొదలు వట్టదు."

"నేను తొలిచింది గాదు గిది. సీసం కరిగించిన, అంతే. గిది ఆయన తొలిచిన చెవి. మొన పోవాలె, మొదలు ఆగాలె, గదే ఆయన కొలత. అందరు ఇనుండ్రి."

పటేల్ నవ్వుతూ దగ్గరికొచ్చాడు. "మంచిది, మంచిది. మంచిగ చేసినవ్. ఇగ తుపాకి ఇయ్యి, రంజకం పొయ్యి. టైమైతుంది."

"ఒక్క మాట పటేలా." ఆమె తుపాకి ఇవ్వలేదు. "మీరే అన్నరు గద, పటేల్లు లేరు, కమ్మరోళ్లు లేరని. ఇన్నేండ్లు మేం పోసినం, మీరు కొట్టిన్రు. ఈపారి మీరు పొయ్యుండ్రి. నేను కొడ్త."

"ఆడిదానివి, తుపాకి కొడ్తవా?"

శిబిరం ఆడవాళ్లలో ఒకామె గట్టిగా అంది: "నిన్న మైకుల ఆడోళ్లే ముంగటుండాలె అన్నది ఎవలు పటేలా?"

"చాయ పెట్టుటానికి ముంగటనా?" అంది ఇంకొకామె.

నవ్వులు లేచాయి. ఎవరో జై తెలంగాణ అన్నారు, అందరూ అందుకున్నారు. కెమెరా పటేల్ ముఖం మీద ఉంది. అతనూ నవ్వక తప్పలేదు. "కానియ్యి, కానియ్యి," అంటూ రంజకం నింపిన కొమ్ము అందుకున్నాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు.

అండాలమ్మ తుపాకిని మెల్లగా భుజానికి ఎత్తింది. మూతి ఆకాశం వైపు. కొక్కెం సగంలో ఉంది. పటేల్ కుడిపక్కకు వచ్చి వంగాడు. సరిగ్గా సోమాచారి నిలబడ్డ చోటు. కొమ్ములోంచి మందు సన్నగా గిన్నెలో పడింది. కొంత పక్కకు రాలింది.

"మూత వెయ్యుండ్రి. సరిగ్గ కూసున్నదో లేదో వంగి చూడాలె. ఆయన గట్లనే చూసేటోడు."

పటేల్ మూత వేశాడు. వేళ్లు ఇంకా దాని మీదే ఉన్నాయి. వంగి చూశాడు. అతని కుడి కన్ను గిన్నెకు జానెడు దూరంలో ఉంది. కనురెప్పల మీద చెమట ఆమెకు కనిపించింది.

అండాలమ్మ బొటనవేలితో కొక్కెం వెనక్కి గుంజింది.

టక్కు.

పటేల్ చూపు గిన్నె నుంచి ఆమె వేలి మీదికి పోయింది. "ఆగు!" అని అరిచాడు. "ఆగు, ఆగు! చెయ్యి తియ్యలే!"

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. ఆ అరుపు హాలు గోడకు కొట్టుకొని తిరిగి వచ్చింది.

డప్పులు ఆగాయి. అండాలమ్మ వేలు మీట మీదే ఉంది. అతను చెయ్యి తియ్యకుండానే నొక్కవచ్చు. ఎంత ఒత్తితే కదులుతుందో ఆమెకు తెలుసు. ఎదురుగా ఆ కన్ను తెల్లగా, తడిగా, రెప్ప వాల్చకుండా ఉంది. ఇంటి దగ్గర కూర్చుని ఆమె కోరుకున్నది అదే. అది ఇప్పుడు జానెడు దూరంలో ఉంది.

"ఇంతకుముందు ఏమన్నరు పటేలా?" అంది, చూపు తిప్పకుండా. "నాకు ఇనవడలే. ఇంకోపారి అనుండ్రి."

"చెయ్యి తియ్యలే అండాలమ్మా. జర ఆగు."

"గప్పుడు ఆయన గూడ గదే అన్నడు. గీ మాటే. గీ జాగలనే. మీకు ఇనవడ్డదా?"

పటేల్ చెయ్యి తీసి, వెనక్కి, ఇంకా వెనక్కి జరిగాడు. జనార్ధన్ పటేల్ అంత దూరం వెనక్కి నడవడం ఊరు ఎప్పుడూ చూడలేదు.

"చెప్పుండ్రి మరి. ఆనవాయితి. మాట అనాలె గద."

"కొట్టు," అన్నాడు పటేల్.

అప్పటిదాకా ఆమె ఆగింది. ఆ తర్వాత నొక్కింది.

చెవి సరిగ్గా ఉంటే గిన్నె మంటకు, గొట్టం చప్పుడుకు మధ్య ఎడం ఉండదు. రెండూ ఒకటే దెబ్బగా మోగాయి. హాలు మీది పావురాలన్నీ లేచాయి. గిన్నె పక్క నుంచి ఒక నాలుక మంట బయటికొచ్చి, ఖాళీగా ఉన్న చోట ఆరిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు.

పొగ తేలిపోయేసరికి ఒకరిద్దరు తప్ప ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాత ఊరివాళ్లు పటేల్ వైపు చూస్తున్నారు. అతను కండువాతో ముఖం తుడుచుకుంటున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. ఎవరో ముసలాయన "అంటే గప్పుడు..." అని మొదలుపెట్టి ఆపేశాడు. మిగతాది అందరూ ఎవరికివాళ్లు పూర్తి చేసుకున్నారు.

అండాలమ్మ తుపాకిని జమ్మి కొమ్మకు ఆనించి, కిష్టమ్మ చేతిలోని దబ్బనం తీసుకొని బయటికి నడిచింది. మీర్‌పేట్ దాకా నడుస్తూనే ఉంది. దారిలో ఒకసారి ఆగి, వెనక్కి తిరిగి చూసింది. అక్కడ పటేల్‌కు రెండు కళ్లూ అలాగే మిగిలాయి. అది ఆమెకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు. కానీ వెనక్కి పోలేదు.

*

సమ్మె ముగిసి బస్సులు తిరగడం మొదలయ్యాక ఒక ఉదయం సుమిత్రమ్మ మెట్ల దగ్గరికి కిష్టమ్మ వచ్చింది. పాల క్యాను పక్కన పెట్టి, కొంగులో చుట్టిన కొడవలి తీసింది. బర్రెలకు గడ్డి కోసేది. పళ్లు అరిగిపోయి మొద్దుబారింది.

"దీనికి కక్కు కొట్టి పండ్లు తియ్యాలె వదినా."

"గీడ తాళాలు చేస్తరు."

"తెల్వదా నాకు? నీ చేతి పని నేను చూడలేదా?"

సుమిత్రమ్మ షట్టరు పైకి తోస్తూ చెవి ఒగ్గి వింటోంది. అండాలమ్మ కొడవలిని తాకలేదు. బల్ల మీద ఉన్న తాళం కప్పలోంచి దబ్బనంతో మట్టి తీస్తూనే ఉంది.

"ఆ పొద్దు కర్రు భుజాన ఏసుకొని మా కొలిమి ముంగట నుంచే పోయినవ్."

"పోయిన," అంది కిష్టమ్మ.

"జర దూరంకెళ్లి పోవుటానికి తొవ్వ లేకుండెనా?"

కిష్టమ్మ తల వంచుకుంది. కొడవలి చాచిన చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆటోలు, హారన్లు, డిపోలోంచి బయటికొస్తున్న బస్సు. అండాలమ్మ పని ఆపి తల ఎత్తింది.

"ఎవలింటికి తెచ్చినవ్? జర గట్టిగ చెప్పు. బస్సు చప్పుడుకు ఇనవడ్తలేదు."

"సోమాచారి ఇంటికి," అంది కిష్టమ్మ, రోడ్డు మీద నలుగురు తిరిగి చూసేంత గట్టిగా.

అండాలమ్మ కొడవలి అందుకొని, అంచు మీద బొటనవేలు ఆడించి చూసింది. వైస్‌లో బిగించి, ఆకురాయి తీసుకుంది.

"కూసో," అంది. "జరసేపు వడ్తది."